దుక్మ్‌లో కాన్వాస్ బూట్లు

మస్కట్‌లో నేను పనిచేసే ఫుట్‌బాల్ క్లబ్బులో నన్ను సామాన్ల ఇన్‌చార్జి అంటారు. జెర్సీలు, బంతులు, వలలు, నీళ్ల సీసాలు, పట్టీలు, టేపు చుట్టలు అన్నీ నా చేతి మీదుగానే పోవాలి. బూట్లు మాత్రం కాదు. ఉద్యోగంలో చేరేటప్పుడే ఆ సంగతి చెప్పి చేరాను. ఆటగాళ్లు ఎవరి బూట్లు వాళ్లే తుడుచుకోవాలి, ఎవరి సంచి వాళ్లే మూతి కట్టి బస్సులో పెట్టుకోవాలి. మా కోచ్ ఇది క్రమశిక్షణ కోసం పెట్టిన నియమం అనుకుని మెచ్చుకున్నాడు. నేను కాదనలేదు.

అసలు కారణం మా ఇంటిది. ఉత్తరాంధ్రలో మా తాతగారికి ఒక చిన్న జమీ ఉండేది. ఆయన పేర ఏటా ఫుట్‌బాల్ షీల్డు పోటీలు జరిగేవి. ఆడేవాళ్లలో సగం మంది ఉత్తకాళ్లతోనే దిగేవారట. తాతగారు షామియానా కింద కూర్చుని బైనాక్యులర్‌లో చూసేవారట. ఆయన చెప్పులు తీసి పక్కన పెట్టడానికే ఒక మనిషి ఉండేవాడు. ఆ పని మా ఇంట్లో పుట్టినవాళ్లు చేసేది కాదు. జమీ పోయింది, షీల్డు ఇప్పుడు ఎవరి బీరువా మీద ఉందో తెలియదు. మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలో వర్క్‌షాపుల వెనక రెండు గదుల ఫ్లాట్‌లో ఉంటూ కూడా నేను ఇంకొకరి పాదరక్షలు ముట్టుకోలేదు. అది గొప్పని నేను చెప్పడం లేదు. ఉన్నమాట చెబుతున్నాను.

చలికాలం మొదట్లో ఒక చైనా ఆటగాడు మా క్లబ్బుకు వచ్చాడు. ముప్పై ఎప్పుడో దాటిన మనిషి. కుడి మోకాలి మీద ఆపరేషన్ గీత ఉంది. క్లబ్బు అతనికి దార్సైట్ పేటలో, కృష్ణుడి గుడికి వచ్చేవాళ్ల కార్లు అడ్డదిడ్డంగా ఆగే సందులో ఒక ఫ్లాట్ ఇచ్చింది. కాంట్రాక్టు మాత్రం ఇవ్వలేదు. విదేశీ ఆటగాళ్లకు జట్టులో మిగిలింది ఒకే ఒక్క చోటు. అదే చోటుకి వేరే దేశం కుర్రవాడి పేరు కూడా కోచ్ దగ్గర ఉంది. జనవరిలో పేర్లు నమోదు చేసే గడువు అయిపోయేలోగా ఇద్దరిలో ఒకరిని తేల్చాలి. ఈయన మోకాలు మొత్తం ఆటకి నిలబడుతుందా అన్నదే కోచ్ అనుమానం.

"ఇక్కడ కాకపోతే ఎక్కడికి వెళతారు?" అని అడిగాను ఒకసారి.

"ఇంటికి. ఇంకెవరూ పిలవలేదు. ఇంటికి పోతే ఇక ఆట లేదు" అన్నాడు.

మేం మాట్లాడుకునేది ఇంగ్లిష్. అతనిది విరిగిన ఇంగ్లిష్. నాది బడిలో నేర్చుకున్న బిగుతు ఇంగ్లిష్. ఆ మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మొదటి రోజు బూట్ల నియమం చెప్పినప్పుడు మిగతా ఆటగాళ్లంతా ముఖం చిట్లించారు. ఇతను మాత్రం వెంటనే చేయి చాచాడు.

"చాలా మంచిది. నా బూట్లు ఎవరూ ముట్టుకోకూడదు. ఎప్పుడూ" అన్నాడు.

చేతులు కలిపాం. కానీ నాకు ఆసక్తి పుట్టింది. నేను ముట్టుకోకపోవడానికి నా కారణం నాకుంది. ముట్టుకోనివ్వకపోవడానికి అతనికి ఏ కారణం ఉంటుంది? అతని ఇంట్లోనూ జమీ ఉండేదా? అడిగితే నవ్వాడు. వాళ్ల నాన్న రైల్వే స్టేషన్‌లో సామాను మోసేవాడట.

క్లబ్బు బస్సులో నేనూ అతనూ ముందు సీట్లలో కూర్చునేవాళ్లం. బస్సు నడిపేది కడప భాయ్. ఈ దేశానికి నాకంటే ముందే వచ్చినవాడు, నన్ను మొదటి రోజు నుంచీ వేళాకోళంగా 'దొరా' అని పిలిచేవాడు. నేను దాన్ని వేళాకోళంగా తీసుకోకుండా మామూలుగానే పలికేవాణ్ణి. దాంతో అతనికి సరదా సగం చచ్చేది.

దార్సైట్ నుంచి మైదానానికి పోయేటప్పుడు నేను అడిగేవాణ్ణి, చైనా ఆటగాడు చెప్పేవాడు. పంతొమ్మిదేళ్లకి అతన్ని యూరప్ క్లబ్బొకటి తీసుకుంది. ఊళ్లో బాణాసంచా కాల్చారట.

"వాళ్లకి కావలసింది నా కాళ్లు కాదు. మా దేశంలో వాళ్ల ఆట టీవీలో చూసే జనం. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్లు. కెమెరా నా మొహం చూపించేది. అది చాలు" అన్నాడు.

"ఎప్పుడూ ఆడించలేదా?"

"ఆడించారు. గెలుపు ఖాయమైపోయాక, చివర్లో."

కొన్నాళ్లకి స్వదేశపు లీగులో బాగా డబ్బు వచ్చింది, అందరితో పాటు ఇతనూ తిరిగి వెళ్లాడు. కొన్నాళ్లకి ఆ డబ్బూ పోయింది, క్లబ్బులే మూతపడ్డాయి. మళ్లీ యూరప్‌లో ఒక చిన్న చలిదేశం. అక్కడ రెండో స్థాయి లీగు. మైదానం పక్కన మంచు ఎత్తి కుప్పలు పోసేవాళ్లట. అక్కడి నుంచి కొరియా, అక్కడే మోకాలు దెబ్బతినడం, ఇప్పుడు ఇక్కడ. ఇన్ని దేశాలు తిరిగినవాడు ఏ దేశం గురించీ వర్ణించి చెప్పడు. గడ్డి గురించి చెబుతాడు. ఈ గడ్డి తడిగా ఉంటుంది, ఆ గడ్డి కింద ఇసక పోస్తారు, ఇంకోచోట గడ్డే ప్లాస్టిక్. గడ్డిని బట్టి బూట్ల అడుగున నేలని పట్టే బుడిపెలు, అంటే స్టడ్లు, మారాలి. తడి గడ్డికి పొడవాటి ఇనప స్టడ్లు, గట్టి నేలకి పొట్టి రబ్బరు స్టడ్లు. అందుకని అతని దగ్గర రెండు నల్ల సంచులు ఉండేవి, ఒకటి యూరప్‌ది, ఒకటి ఆసియాది.

"కొత్త దేశం వెళ్లగానే ఏ మాటలు నేర్చుకుంటారు? అన్నం, నీళ్లూ?" అని అడిగాను.

"కాదు. 'నాది', 'వదిలెయ్', 'వెనకాల'. ఈ మూడూ వస్తే ఆడొచ్చు. అన్నం వేలు పెట్టి చూపించొచ్చు."

ఆ మూడు మాటలు ఎన్ని భాషల్లో వచ్చో వరసగా చెప్పాడు. అరబ్బీలోవి మా కుర్రాళ్ల దగ్గర అప్పటికే పట్టేశాడు. తర్వాత తెలుగులో అడిగాడు. చెప్పాను. "వెనకాల" అని చాలాసార్లు పలికి చూసుకున్నాడు.

"ఏం దొరా, ఈయన తెలుగు నేర్చుకోని యాడ ఆడతాడంట? పులివెందులలోనా?" అన్నాడు భాయ్.

గడువుకి కొద్ది రోజుల ముందు దుక్మ్ నుంచి పిలుపు వచ్చింది. అక్కడ ఓడరేవు, రిఫైనరీ చుట్టూ ఉన్న కంపెనీలన్నీ కలిసి ఒక జట్టు పెట్టుకున్నాయి. స్నేహపూర్వకంగా ఒక మ్యాచ్ ఆడి పొమ్మన్నారు. కోచ్‌కి అది పరీక్షలా పనికొచ్చింది. చైనా ఆటగాడు తొంభై నిమిషాలూ ఆడాలి. ఆడితే కాంట్రాక్టు. మధ్యలో బయటికి వస్తే ఆ కుర్రవాడికి టికెట్ పంపిస్తారు. ఒమానీ అయిన సహాయ కోచ్ మాతో వచ్చి చూసి చెప్పాలి.

తెల్లవారుతూనే బయలుదేరాం. సినావ్ ఊరు దాటాక రోడ్డుకి రెండు వైపులా ఏమీ ఉండదు. ఒంటెలు అడ్డం వస్తే ఆగడం, లేకపోతే పోవడం. అతను కిటికీ వైపు చూస్తూ కుడికాలు చాపుకుని కూర్చున్నాడు. ఫిజియో పొద్దున్నే ఆ మోకాలికి పట్టీలు ఎంత బిగించి చుట్టాడంటే కర్రలా అయింది.

దుక్మ్‌లో సముద్రపు గాలి మనిషిని నెట్టేస్తుంది. మైదానం కార్మికుల క్యాంపుల పక్కనే ఉంది. గడ్డి లేదు. చదును చేసిన ఎర్రమట్టి, దాని మీద సన్నటి కంకర. చుట్టూ డ్యూటీ దిగివచ్చినవాళ్లు, మనవాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు, పాకిస్తాన్ వాళ్లు. ఒక పక్కగా రెండు బస్సుల్లో చైనా కంపెనీ పనివాళ్లు వచ్చి దిగారు. వాళ్ల దేశపు ఆటగాడు వస్తున్నాడని విని వచ్చారని అనుకుని సంతోషించాను. చప్పట్లు కొడతారని చూశాను.

వాళ్లలో క్రేన్ నడిపే ఒక పెద్దాయన రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని ఏదో అరిచాడు. మిగతావాళ్లు పడీ పడీ నవ్వారు. మా ఆటగాడి చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమన్నాడు?"

"ఇక్కడికి కూడా వెనక్కి పాస్ ఇస్తూనే వచ్చావా, అన్నాడు."

అప్పుడు చెప్పాడు. చాలా ఏళ్ల కింద, దేశం తరఫున ఆడిన ఒక ముఖ్యమైన మ్యాచ్‌లో బంతిని వెనక్కి, తన గోల్‌కీపర్‌కి ఇచ్చాడు. గోల్‌కీపర్‌కి అందలేదు. అవతలివాడు గోల్ కొట్టాడు. దేశం ఓడిపోయింది. ఆ రోజు నుంచి అతని పేరు ఎవరూ పిలవరు. 'వెనక్కిపాస్' అంటారు. కూరగాయలు అమ్మేవాళ్లు కూడా. ఇన్ని దేశాలు ఎందుకు తిరిగాడో నాకు కొంత అర్థమైంది. తెలియని పేరుతో ఉండటానికి మనిషి ఎంత దూరమైనా పోతాడు. నా విషయంలో ఎవరూ ఏమీ అరవరు, నిజమే. కానీ మా జిల్లావాళ్లు ఎవరైనా ఇక్కడ ఎదురై "మీరు ఫలానా వారి మనవలు కదూ" అని నా చొక్కా మీది క్లబ్బు బిళ్ల వైపు చూసినప్పుడు, నేనూ బస్సు అద్దం తుడిచే పని పెట్టుకున్నవాణ్ణే.

జెర్సీలు పంచాను. అతను బెంచీ మీద కూర్చుని నల్ల సంచి మూతి విప్పాడు. ఒక బూటు తీసి అడుగు తిప్పి చూశాడు.

ఇనప స్టడ్లు. యూరప్ సంచి.

పొద్దున ఫిజియో దగ్గర పట్టీలు చుట్టించుకున్న తొందరలో అతనే ఒక సంచికి బదులు ఇంకోటి ఎత్తుకొచ్చాడు. వేరే ఏ క్లబ్బులోనైనా సామాన్ల ఇన్‌చార్జి ప్రతి సంచీ విప్పి చూస్తాడు, ఎందుకైనా మంచిదని విడిగా కొన్ని జతలు వెంట తెస్తాడు. మా క్లబ్బులో నేను చూడను, అతను చూడనివ్వడు. మా ఇద్దరి ఒప్పందం అంత గట్టిది. ఆ కంకర మీద ఇనప స్టడ్లతో దిగితే మొదటి మలుపుకే మోకాలు తిరిగిపోతుంది. బెంచీ మీద మిగిలే ఆటగాళ్ల బూట్లు అడిగాం. అతని పాదం పొట్టి, వెడల్పు. ఒక్కటీ ఎక్కలేదు.

"క్యా హువా, సదీక్?" అంటూ సహాయ కోచ్ వచ్చాడు. అరబ్బీలో సదీక్ అంటే నేస్తం, ఆయన అందరినీ అలాగే పిలుస్తాడు. బూట్లు చూశాడు, గడియారం చూశాడు. "బూట్లు లేకపోతే ఆట లేదు. ఆట లేకపోతే ఖలాస్. నేను ఏం చూసి చెప్పాలి అక్కడ?"

"కొంచెం ఆగండి" అన్నాను. ఎందుకు ఆగాలో నాకే తెలియదు.

ఈలోగా క్రేన్ పెద్దాయన గీత దాటి మా బెంచీ దగ్గరికే వచ్చేశాడు. ఇంకా ఏదో అనడానికే వచ్చాడు. బూట్లు చూసి ఆగాడు. వాళ్ల భాషలో రెండు మూడు ముక్కలు మాట్లాడుకున్నారు. పెద్దాయన నడుం పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే కింద కూర్చుని తన కాళ్లవి విప్పాడు. ఆకుపచ్చ కాన్వాస్ బూట్లు. డ్యూటీ దిగాక రూమ్‌లో వేసుకునేవి. అడుగున రబ్బరు, ఆ రబ్బరు మీద చిన్న చిన్న బుడిపెలు. మా ఆటగాడి ముఖం మారిపోయింది.

"చిన్నప్పుడు ఇవే. బడిలో నేల కూడా ఇదే. బొగ్గు నుసి, రాళ్లు" అన్నాడు నాతో.

పెద్దాయన వేలెత్తి ఏదో గట్టిగా చెప్పాడు.

"తిరిగి ఇవ్వాలట. ఆయనకి ఇది ఒక్కటే జత."

బూట్లు కొంచెం వదులు. టేపుతో బిగించాలి. అతను వంగబోయాడు. కర్రలా చుట్టిన మోకాలు వంగలేదు. పాదం దాకా చేతులు రాలేదు. ఫిజియో మస్కట్‌లోనే ఉండిపోయాడు. రిఫరీ విజిల్ ఊదుతున్నాడు. టేపు చుట్ట నా జేబులో ఉంది. అతను నన్ను అడగలేదు. చేయి చాచాడు, టేపు ఇమ్మని. ఇస్తే మాత్రం ఏం చేసుకుంటాడు?

నేను కింద కూర్చున్నాను. ఒక బూటుకి చుట్టాను, తర్వాత రెండోదానికి. ముట్టుకున్నది టేపునే గాని బూటును కాదని నాకు నేను చెప్పుకున్నాను. భాయ్ బస్సు మెట్టు మీద నుంచి చూస్తున్నాడని తెలుసు. అటు చూడలేదు.

ఆట మొదలైంది. క్రేన్ పెద్దాయన మేజోళ్లతో కంకర మీద నిలబడి తొంభై నిమిషాలూ తిడుతూనే ఉన్నాడు. సగం ఆటయ్యాక నీళ్లు తాగేటప్పుడు అడిగితే మా ఆటగాడు చెప్పాడు: "నా క్రేన్ నీకంటే వేగం అంటున్నాడు. నేను పడిపోతే బూట్లకేమైనా అవుతుందేమో చూసుకోమంటున్నాడు."

"నొప్పి?"

"ఉంది."

"ఎంత?"

"ఆడేంత."

ఆ నేల మీద మా కుర్రాళ్లు జారుతున్నారు, తడబడుతున్నారు. అతను మాత్రం పరుగెత్తలేదు. బంతి ఎక్కడికి వస్తుందో అక్కడ ముందే నిలబడి ఉండేవాడు. ఎక్కడ నిలబడాలో అతనికి ఎలా తెలుస్తోందా అని కళ్లార్పకుండా చూశాను. బంతి కంటే ఎక్కువగా మనుషుల వైపు చూస్తున్నాడు. మనవాళ్లు మైదానం అంచున నిలబడి "అన్నా, వెనకాల! వెనకాల వచ్చాడు!" అని అరిస్తే గబుక్కున తిరిగి బంతి తప్పించాడు. అరిచినవాళ్లే నోళ్లు తెరిచారు.

చివర్లో, మేం ఒక గోల్ ముందుండగా, బంతి అతని దగ్గరికి వచ్చింది. అవతలి ముగ్గురు మీదికి వచ్చారు. ముందు దారి లేదు. ఒకటే దారి, వెనక్కి, గోల్‌కీపర్‌కి. చైనా కంపెనీ వాళ్లంతా గీత దాకా తోసుకొచ్చారు. క్రేన్ పెద్దాయన ఒక్క క్షణం తిట్టడం మరిచాడు. సహాయ కోచ్ ముందుకి వంగాడు.

వెనక్కి ఇచ్చాడు.

మెత్తగా, సరిగ్గా గోల్‌కీపర్ కుడికాలికి. గోల్‌కీపర్ దాన్ని అటు చివరికి తన్నేశాడు. చైనావాళ్ల మధ్య పెద్ద గోల లేచింది. అందులో నవ్వు ఎంతో, తిట్టు ఎంతో, చప్పట్లు ఎంతో విడదీసి చెప్పలేను. కాసేపటికి విజిల్ మోగింది.

"మాఫీ ముష్కిల్, ఇబ్బందేమీ లేదు. మోకాలు ఉంది, తలకాయ కూడా ఉంది. కోచ్‌కి ఇదే చెబుతాను" అన్నాడు సహాయ కోచ్.

బస్సులో తిరిగి వచ్చేటప్పుడు, నేను ఆపుకోలేక అడిగాను. "ఇన్ని మాటలు పడ్డారు కదా, మళ్లీ అదే పాస్ ఎలా ఇచ్చారు?"

"సరైన పాస్ అది. అప్పుడు కూడా సరైనదే."

"మరి?"

"ఆ రోజు వాన. గోల్‌కీపర్ బూట్లు సర్దినవాళ్లు పొట్టి స్టడ్లవి పెట్టారు. అతను చూసుకోలేదు. జారాడు."

"ఎవరికైనా చెప్పారా?"

"అతనికి తెలుసు. నాకు తెలుసు. చెప్పి ఏం? అతనికి కూడా ఊరుంది, ఆ ఊళ్లోనూ కూరగాయలు అమ్మేవాళ్లు ఉన్నారు."

తన బూట్లు ఎవరినీ ఎందుకు ముట్టుకోనివ్వడో ఇన్నాళ్లకి తెలిసింది. మా ఇంట్లో కూడా జమీ ఎలా పోయిందో ఎవరి తప్పో బయటివాళ్లకి చెప్పే అలవాటు లేదు. కాబట్టి ఇంకేమీ అడగలేదు. అతనే కాసేపటికి తన కాళ్ల వైపు చూసుకుని నవ్వాడు. "ఇవాళ నేనే తప్పు సంచి తెచ్చాను. ఇది మాత్రం అతనికి ఫోన్ చేసి చెప్పాలి."

రెండు రోజుల్లో కాంట్రాక్టు మీద సంతకం అయింది. సీజన్ అయ్యేదాకా మాతో ఆడాడు, ఎండాకాలం మొదలయ్యాక యూరప్‌లో మళ్లీ ఏదో చిన్న లీగుకి వెళ్లిపోయాడు. అది తర్వాతి మాట.

ఆ రోజు టేపు విప్పేలోగానే చైనా కంపెనీ బస్సులు క్యాంపుకి వెళ్లిపోయాయి, పెద్దాయన మేజోళ్లతోనే ఎక్కేశాడు, ఆకుపచ్చ బూట్లు నా దగ్గర ఉండిపోయాయి. తర్వాతి వారం భాయ్ దుక్మ్ వెళ్లే పని ఉందన్నాడు. ఒకరి సొత్తును ఎరువు తెచ్చుకున్నప్పుడు మాసింది మాసినట్టు తిరిగి పంపడం మా ఇంటి పద్ధతి కాదు. క్లబ్బులో ఎవరికైనా ఉతకమని చెప్పొచ్చు. కానీ ఆ బూట్లు ఇచ్చిన మనిషి మేజోళ్లతో కంకర మీద నిలబడటం చూసింది నేను. శుక్రవారం పొద్దున బాత్‌రూమ్‌లో బకెట్ పెట్టుకుని కూర్చున్నాను. టేపు పీకేశాను. సబ్బు పెట్టి, పాత పళ్ల బ్రష్‌తో రుద్దాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూసింది.

"ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"అయితే నా స్కూలు బూట్లు కూడా ఉన్నాయి, వేయనా?" అని నవ్వి వెళ్లిపోయింది. ఆమె ఇండియన్ స్కూల్లో టీచరు.

బాల్కనీలో ఎండబెట్టి, కాగితంలో చుట్టి భాయ్‌కి ఇచ్చాను. రెండు రోజుల తర్వాత అతను తిరిగి వచ్చి బస్సు దిగకుండానే మొదలుపెట్టాడు.

"దొరా, ఆ క్రేనాయన నా మీద గయ్యిమన్నాడు."

"ఎందుకు? చిరిగాయా?"

"చిరగలే. ఎవురు ఉతకమన్నారు అని. ఆ మ్యాచ్ మన్ను అట్లనే ఉండాలంట, నువ్వు చుట్టిన టేపు కూడా ఉండాలంట. ఊరికి తీస్కపోయి అందరికీ చూపీల్లంట, ఆ వెనక్కిపాసాయన ఏస్కోని ఆడిన బూట్లని. నువ్వేమో తెల్లగా తోమి పంపిస్తివి. ఆయన కండ్లల్లో నీళ్లొక్కటే తక్కువ."

అంతసేపూ తిట్టిన మనిషి ఆ మట్టి దాచుకోవాలనుకున్నాడా?

"నువ్వు ఏం చెప్పావు?"

"ఏం చెప్తాను? ఉతికినాయన మామూలోడు కాదు, వాళ్ల తాత చెప్పులు పట్టుకునేదానికే ఒక మనిషుండేవాడు, ఈయన జన్మలో మొదటిసారి ఒకరి బూట్లు ఉతికినాడు అని చెప్పినా. సగం హిందీ, సగం సైగలు. దానికి కొంచెం చల్లబడినాడు. బూట్లు మళ్లా చేతిలోకి తీస్కోని తిప్పి తిప్పి చూసినాడు. లోపల చెయ్యి పెట్టినాడు."

"పెట్టి?"

"మొదటిసారని తెలుస్తానే ఉండాది అన్నాడు. ఎడమదాంట్లో సబ్బు అట్లనే ఉండాదంట దొరా. నీళ్లు సరిగ్గా పోయలేదంట."

భాయ్ నా ముఖం వైపు ఆశగా చూశాడు. నేను ఎప్పటిలాగే నిటారుగా నిలబడి ఉన్నాను.

"ఎడమదాంట్లో ఒక్కదాంట్లోనేనా?" అని అడిగాను.